ముదురాకుపచ్చ

జూలై 2, బుధవారం

బెండ విత్తాము. స్కూలు వెనక, ప్రహరీ వారగా రెండు మడులు. ఒకటి నాది, ఒకటి భవానీప్రసాద్ గారిది. నా మడిలో పేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి పులియబెట్టిన జీవామృతం తప్ప మరేదీ పడదు. మట్టి ఎండకి మాడకుండా పైన ఎండుగడ్డి కప్పు. ఆయన మడిలో ఊళ్లో అందరూ వేసేదే, ముందు డీఏపీ, తర్వాత యూరియా. విత్తనం ఒకటే, నీళ్లు ఒకటే. తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు జట్లు చేశాను.

విజయవాడ ట్రైనింగ్‌లో సహజ వ్యవసాయం గురించి చెప్పినప్పటి నుంచీ ఇదే ఆలోచన. సైన్సు పుస్తకంలో మట్టి గురించి నాలుగు పేజీలున్నాయి. పదిహేనేళ్లుగా ఆ నాలుగు పేజీలూ చదివించి ప్రశ్నలు రాయించాను. ఈసారి పిల్లలు మట్టిలో చెయ్యి పెట్టి తెలుసుకోవాలి.

భవానీప్రసాద్ గారు లెక్కల మాస్టారు. రెండో మడి చూసుకోమని అడగ్గానే ఒప్పుకున్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో.

బావకీ చెప్పాను. పెళ్లై పన్నెండేళ్లయినా కిషోర్‌బాబు నాకు బావే, పేరు పెట్టి పిలవడం రాలేదు. చందర్లపాడు రోడ్డులో ఎరువుల షాపు పెట్టుకున్నవాడి భార్య స్కూల్లో ఎరువులు వద్దని పాఠం చెబుతోందంటే నందిగామంతా నవ్వుతుంది. బావ నవ్వలేదు. “బాగుంది, చెయ్యి,” అన్నాడు. అంతే. బావ ఒక్క ముక్కలో సరిపెట్టిన ప్రతిసారీ ఇంకేదో దాచుకుంటాడు.

జూలై 3

పొద్దున కాఫీ తాగుతూ బావ, “మడి ఎంత ఉంటుంది?” అని అడిగాడు.

ఎందుకు?

జూలై 19, శనివారం

రెండు మడులూ బాగానే మొలిచాయి. కానీ నావి పాలిపోయి ఉన్నాయి. భవానీప్రసాద్ గారివి నిగనిగలాడుతున్నాయి.

ఈ రోజు పిల్లలందరి ముందూ, “మీ మొక్కలు ఉపవాసం ఉన్నట్టున్నాయి మేడం,” అన్నారాయన. పిల్లలు నవ్వారు. మందులకి అలవాటు పడ్డ మట్టి మొదటి ఏడాది నెమ్మదిగానే ఉంటుందని ట్రైనింగ్‌లోనే చెప్పారు. నాకు తెలుసు. తెలిసిన మాటే పిల్లలకి చెప్పి ఊరుకోవాల్సింది.

నా జట్టుని నిలబెట్టి కాస్త గట్టిగానే అడిగాను. నీళ్లు సరిగ్గా పోయడం లేదు, జీవామృతం వేళకి కలపడం లేదు. మీ వల్ల నా పరువు పోతోంది అన్నట్టున్నాను. అనలేదేమో. లీడరు నీహారిక తల వంచుకుంది. బాగా చదివే పిల్ల, ఆమాత్రం పట్టింపు ఉండాలి.

బావ ఈ రోజు జగ్గయ్యపేట వెళ్లాడు, డీలర్ల సంఘం మీటింగుకి. ఏం మాట్లాడారని అడిగితే, “ఏముంది, ఈ సహజ వ్యవసాయం గోలతో అమ్మకాలు తగ్గుతున్నాయని ఏడుపు,” అన్నాడు.

నువ్వేమన్నావని అడగలేదు.

జూలై 24, గురువారం

ఎవరో ఏదో పోశారు.

ముందు వరసల్లో మొక్కలు మాడిపోయాయి. ఆకుల అంచులు నిప్పు అంటించినట్టు ఎర్రబారి ముడుచుకున్నాయి. కొన్ని మొదలంటా వాలిపోయాయి. అవతలి మడిలో ఒక్క ఆకు కూడా వాడలేదు. తెగులైతే గట్టు చూసుకుని ఆగదు కదా. ఇది గడ్డి మందే. ప్రహరీ అంత ఎత్తుగా కూడా లేదు, రోడ్డు మీద పోయేవాళ్లెవరైనా ఒంగి కొట్టిపోవచ్చు.

భవానీప్రసాద్ గారు వచ్చారు. “అయ్యో, ఇదేంటండీ,” అంటూ కూర్చుని చూశారు. మరీ ఎక్కువసేపు చూశారు. లెక్కల మాస్టారికి అంత సేపు చూడ్డానికి ఏముంది?

గట్టు మీద తెల్లటి గింజలు నాలుగైదు కనిపించాయి. ఆయన జట్టు యూరియా వేసేటప్పుడు జారిపడ్డవి. పిల్లలకి శుభ్రం నేర్పించరు.

నీహారిక వెక్కి వెక్కి ఏడ్చింది. “ఊరుకోమ్మా, మనం మళ్లీ పెంచుదాం,” అన్నాను. ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఆ పిల్లకున్న ప్రేమ పెద్దవాళ్లలో ఒక్కరికీ లేదు.

జూలై 25, శుక్రవారం

మాడిన ఆకుని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను. బావ ముందు పెట్టి, ఆకుని కాదు, అతని ముఖాన్ని చూస్తూ నిలబడ్డాను.

వెలుతురుకి పట్టి చూశాడు. “గడ్డి మందు కాదిది.”

“మరి?”

బావ నా వంక వింతగా చూశాడు. “ఎక్కువైంది సింధూ. అంతే.”

“ఏది ఎక్కువైంది?”

“సరేలే. ఇకనుంచి చూసుకోమను,” అని స్నానానికి వెళ్లిపోయాడు.

ఏది ఎక్కువైంది? పొద్దస్తమానం స్కూలూ, మడీ అని నేను తిరగడమా? సంఘంలో వాళ్లు ఏమైనా అన్నారా? “మీ ఇంట్లోనే మొదలైందటగా” అని ఉంటారు. బావ మెత్తటివాడు. నలుగురు అంటే ఊరుకోలేడు.

ఆ చూపు మాత్రం నాకు నచ్చలేదు. తెలిసిన మనిషి చూపు అది.

జూలై 28, సోమవారం

మడుల చుట్టూ కంచె వేయించి తలుపుకి తాళం పెట్టించాను. ప్రహరీ మీద పాత నెట్ కట్టించాను. హెడ్మిస్ట్రెస్ ఫ్లోరెన్స్ గారు, “ఇంత అవసరమా సింధూరా?” అన్నారు. అవసరమే.

ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి నీహారిక దగ్గర. ఈ స్కూల్లో నేను నమ్మదగ్గ మనిషి ఆ పిల్ల ఒక్కతే.

మాడిన చోట్ల మళ్లీ విత్తాము.

ఆగస్టు 5

తాళం పెట్టాక ఒక్క మొక్కా చావలేదు. అంటే నేను అనుకున్నది నిజమే.

ఆగస్టు 13, బుధవారం

ఎంత మార్పు! నా మడి నల్లగా, ముదురాకుపచ్చగా తేలింది. ఒక్కో ఆకు నా రెండు అరచేతులంత. భవానీప్రసాద్ గారి మడి కన్నా ఎత్తు. గోడ నీడన ఉన్న చివరి వరస మాత్రం ఎదగలేదు, అక్కడ ఎండ తగలదు.

“ఏం వేశారు మేడం?” అన్నారాయన.

“మీరు చూస్తూనే ఉన్నారు కదండీ. జీవామృతం.”

“ఇంత తొందరగానా?”

ఒప్పుకోవడం కష్టం, నాకు తెలుసు. ఆయన మడిలో మొగ్గ కనిపించింది. నా మడిలో ఇంకా లేదు. ఆకు ముందు, పూత తర్వాత. బలమైన మొక్క తొందరపడదు.

ఫ్లోరెన్స్ గారు ఫోటోలు తీసి మండలం ఆఫీసుకి పంపారు. ఆ చివరి వరస పడకుండా పిల్లల్ని అటువైపు అడ్డంగా నిలబెట్టాను.

ఆగస్టు 18, సోమవారం

లేత ఆకుల కింద పేనుబంక. నా మడికే. లేతగా, రసంగా ఉన్న చోటికే పురుగు వస్తుందని పాఠంలో నేనే చెబుతాను. లేదా ఎవరైనా పురుగున్న కొమ్మ తెచ్చి విదిలించి ఉండాలి. వేపనూనె కొట్టించాను.

రాత్రి భోజనాల దగ్గర బావ, “మీ పిల్లలు తెలివైనోళ్లే. చెప్పింది చెప్పినట్టు చేస్తారు,” అన్నాడు.

ఈయనకి నా పిల్లలు ఎలా తెలుసు?

ఆగస్టు 21, గురువారం

తెలిసింది. ఫ్లోరెన్స్ గారు మాటల్లో అన్నారు, “మొన్నామధ్య మీ వారు వచ్చారుగా. జగ్గయ్యపేట వెళ్తూ బండి ఆపి కంచె దగ్గర నిలబడి చూశారు. లోపలికి రమ్మంటే, వద్దండీ, చూసి పోతాను అన్నారు.”

ఎప్పుడు అని అడిగాను. మొక్కలు మాడిన వారమో, ఆ తర్వాతి వారమో, ఆవిడకి సరిగ్గా గుర్తు లేదు.

నాతో ఒక్క మాట చెప్పలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

అడిగేశాను. బావ పొద్దున టిఫిన్ చేస్తున్నాడు.

“స్కూలు దగ్గరికి ఎందుకొచ్చావ్ బావా?”

“ఊరికే. దారిలో ఆగా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు ఇబ్బంది పడతావని.”

“నేనెందుకు ఇబ్బంది పడాలి? దొంగపని చేసిందెవరు? ఆ మొక్కల్ని చంపింది నువ్వా, మీ సంఘం వాళ్లా?”

బావ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

“నేను నీ మొక్కలు చంపానా?”

“మరి ఏది ఎక్కువైందన్నావ్ ఆ రోజు?”

లేచి చెయ్యి కడుక్కున్నాడు. “నిన్ను ఒక్క మాట కూడా అడగలేదు సింధూ నేను. అది గుర్తుపెట్టుకో,” అని బండి తీసుకుని వెళ్లిపోయాడు.

నన్ను అడగడానికి ఏముంది?

ఆగస్టు 25

మాటల్లేవు. మధ్యాహ్నం భోజనానికీ ఇంటికి రావడం లేదు. తప్పు చేసినవాడికే కోపం ముందు వస్తుంది.

ఆగస్టు 29, శుక్రవారం

సెప్టెంబరు ఆరున, శనివారం, మండలం నుంచి ఆఫీసరు గారు వస్తున్నారు. తల్లిదండ్రుల్ని కూడా పిలిచి మడులు చూపించాలట. నేను మాట్లాడాలి. నా మడిలో కాయ కూడా మొదలైంది, కాస్త ఆలస్యంగానే అయినా.

ఈ రోజే ఒకాయన ముందుగా వచ్చి చూసుకున్నారు. నీహారిక వాళ్ల నాన్న రత్నబాబు. పెనుగంచిప్రోలు వైపు ఎకరన్నర కౌలుకి తీసుకుని మిరప వేస్తారు. నారు నాటే సమయం. మడి చుట్టూ తిరిగి, ఆకు తిప్పి చూసి, నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

“యూరియా కోసం పొద్దుటినుంచీ లైన్లో నిలబడ్డా దొరకట్లేదు మేడంగారూ. మీ కిషోర్‌బాబు గారి షాపులో కూడా స్టాకు లేదన్నారు. ఇది చూశాక, నాకెందుకీ తిప్పలు అనిపిస్తోందండీ. మొత్తం ఇట్టాగే పెట్టేద్దామనుకుంటన్నా. ఏమంటారు?”

“మొత్తమా?”

“ఏదైనా చేస్తే పూర్తిగా చెయ్యాలండీ. మా అమ్మాయి చేతులతో పెంచిన మడి. ఇంకెవరో చెప్తే నమ్మేవాణ్ణి కాదు.”

కళ్లు చెమర్చాయి నాకు. పదిహేనేళ్లలో నేను చెప్పిన పాఠం విని ఒక రైతు తన పొలం మార్చుకుంటానన్నది ఇదే మొదలు. “మంచి నిర్ణయం రత్నబాబు గారూ,” అన్నాను. జీవామృతం ఎలా కలపాలో కాగితం మీద రాసిచ్చాను.

పక్కనే నీహారిక నేల చూపులు చూస్తూ నిలబడింది. తండ్రి పొగిడితే సిగ్గు పడింది పాపం.

సెప్టెంబరు 3, బుధవారం

రాయాలని లేదు. కానీ రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక్కదాన్నే ఉన్నప్పుడు నీహారిక వచ్చింది.

“మేడం, మా నాన్నకి చెప్పండి. మిరపకి యూరియా వేసుకోమనండి.”

“ఎందుకమ్మా? మన మడి చూశారుగా.”

“మీరు చెప్తే వింటాడు మేడం. నేను చెప్తే వినట్లేదు.”

“అసలు ఏమైంది?”

తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. “మన మడిలో యూరియా నేను వేశా మేడం.”

ముందు అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. నేను తిట్టిన మర్నాడు వాళ్ల నాన్న మిరప విత్తనాలకి నందిగామ వెళ్తుంటే తనూ వెళ్లింది. ఆయన టీకి వెళ్లినప్పుడు షాపులో యూరియా అడిగింది. తెచ్చి మొదళ్లలో గుప్పెళ్లతో పోసింది. మొక్కలు మాడిపోయాయి. భయపడి మళ్లీ వెళ్లి అడిగితే, మొక్క మొదలు దగ్గర వేయకూడదు, జానెడు దూరంగా చిటికెడు చొప్పున వేసి నీళ్లు పెట్టాలని చెప్పారట. తాళంచెవి తన దగ్గరే ఉంది కాబట్టి పొద్దున్నే వచ్చి అలాగే వేసింది. ఒకసారి కాదు.

“ఏ షాపులో ఇచ్చారు?”

“మీ సారు షాపులో మేడం. సారే ఇచ్చారు. డబ్బులు కూడా తీసుకోలేదు.”

బావ!

నా అనుమానం ఒక్కటీ తప్పు కాలేదు. గోడ దూకలేదు, మందు కొట్టలేదు. నా పిల్లల చేతుల్లోనే పెట్టి పంపాడు. నా మడిని నా జట్టు చేతే అబద్ధం చేయించాడు. ఇంతకన్నా తెలివైన పద్ధతి ఉంటుందా?

నీహారిక ఇంకా అక్కడే నిలబడి ఉంది. “శనివారం అందరికీ చెప్తారా మేడం?” అంది.

నేను చెప్పింది ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తాను. “నువ్వు వేసింది కొంచెమే. వేయకపోయినా మన మడి బాగానే వచ్చేది. ఇప్పుడు ఎవరికీ చెప్పకు. శనివారం అయిపోనీ. మీ నాన్నకి నేను నెమ్మదిగా చెబుతాను.”

ఆ పిల్ల పరువు కాపాడ్డానికే అన్నాను.

సెప్టెంబరు 4, గురువారం

పొద్దున స్కూలుకి వెళ్లే ముందు షాపుకి వెళ్లాను. బావ షట్టరు ఎత్తి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. ఇంకా ఎవరూ రాలేదు.

“నీహారికకి యూరియా ఎందుకిచ్చావ్?”

“ఎవరు నీహారిక?”

“నా స్కూలు పిల్ల. నా మడిలో వేయడానికి ఇచ్చావుగా.”

బావ వెనక్కి తిరిగాడు. “నువ్వు పంపితే ఇవ్వనా?”

“నేను పంపానా?”

అగరొత్తి బూడిద బావ చేతి మీద రాలింది, దులుపుకోలేదు.

“సింధూర మేడం మొక్కలకండీ, అంది ఆ పిల్ల. నీకు అడగడానికి మొహమాటమై తనని పంపావనుకున్నా. చిరిగిన బస్తాలోది కట్టిచ్చా. తర్వాత నువ్వే మాడిన ఆకు తెచ్చి చూపించావ్. మోతాదు తెలీక వేయించింది, పైకి చెప్పుకోలేకపోతోంది అనుకున్నా. అందుకే ఎక్కువైందన్నా. మళ్లీ ఆ పిల్ల వస్తే ఎలా వేయాలో వివరంగా చెప్పా. తేరుకున్నాయో లేదోనని ఒకసారి వచ్చి చూశా.”

“అంటే నేను పైకి ఒకటి చెప్పి లోపల ఇంకోటి చేస్తున్నాననుకున్నావా?”

“అనుకున్నా.”

“ఇన్ని రోజులూ?”

“ఇన్ని రోజులూ. నలుగురిలో పరువు పోతుందని చేస్తోందిలే, మనమెందుకు బయటపెట్టాలి అనుకున్నా. ఒక్క మాట అడగలేదు. నువ్వేమో నన్ను మొక్కలు చంపేవాణ్ణి చేశావ్.”

బస్తాల మీద కూర్చుండిపోయాను. కోపం రావాలి. పన్నెండేళ్లు కలిసి బతికినవాడు నన్ను మోసగత్తె అనుకున్నాడు. అనుకుని కూడా ప్రేమగా మాట్లాడాడు, తెలివైన పిల్లలన్నాడు. ఏది ఎక్కువ బాధగా ఉందో తేల్చుకోలేకపోయాను.

“సరే, ఇప్పుడు నిజం తెలిసిందిగా. శనివారం ఏం చెప్తావ్?” అన్నాడు బావ.

బావ నన్ను ఎలాంటిదాన్ని అనుకున్నాడో, నిన్న స్టాఫ్ రూములో నేను అచ్చంగా అలాంటిదాన్నే అయ్యాను. అంతకు ముందు కాదు. నిన్న.

సెప్టెంబరు 5

టీచర్స్ డే. నీహారిక నా చేతిలో గులాబీ పెట్టింది.

ముదురాకుపచ్చ అంటే నత్రజని ఎక్కువైనట్టు. ఆకు ఎక్కువ, పూత ఆలస్యం, లేత చిగుళ్లకి పేనుబంక. ఇది తొమ్మిదో తరగతికి నేను చెప్పే పాఠమే. కళ్లెదుట అంతా కనిపిస్తుంటే రోజూ చూసి మురిసిపోయాను.

సెప్టెంబరు 6, శనివారం

చెప్పేశాను.

షామియానా కింద ఆఫీసరు గారు, ఫ్లోరెన్స్ గారు, మాస్టార్లు, ఎదురుగా తల్లిదండ్రులు. మైకు పట్టుకోగానే రాసుకున్న ఉపన్యాసం మడిచేసి, “నా మడిలో జీవామృతం ఒక్కటే పడలేదండీ. యూరియా కూడా పడింది. నాకు బుధవారం తెలిసింది. మీరు చూస్తున్న ఈ పచ్చదనం దానిదే. దీన్ని చూసి ఎవరూ పొలం విషయంలో నిర్ణయం తీసుకోవద్దు,” అన్నాను.

ఎవరు వేశారని ఆఫీసరు గారు అడిగారు. “నా జట్టులోనే అండీ. ఫలితం రాకపోతే ఊరుకోనని పిల్లల్ని భయపెట్టింది నేను. బాధ్యత నాదే,” అన్నాను. పేరు చెప్పదలుచుకోలేదు. కానీ నీహారిక లేచి నిలబడింది. “నేనే వేశా సార్,” అంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. రత్నబాబు కూడా.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీలోంచి లేచి నన్నే అడిగారు. “నిన్ననే నారు పెట్టేశానండీ. దుక్కిలో ఏమీ వేయకుండానే పెట్టేశా. బుధవారం తెలిస్తే బుధవారమే కబురు చెయ్యొచ్చుగా మేడంగారూ?”

“చెయ్యాల్సిందండీ. చెయ్యలేదు.”

రత్నబాబు తువ్వాలు భుజం మీద సర్దుకుని, “మరి ఏమీ వేయకపోతే ఈ మడి ఎట్టా ఉండేదండీ?” అన్నారు.

“తెలియదండీ.”

క్లాసులో నేను ఆ మాట ఎప్పుడైనా అన్నానో లేదో గుర్తు రాలేదు.

అప్పుడు భవానీప్రసాద్ గారు లేచారు. ఎగతాళి చేస్తారనుకున్నాను. ఆయన నీహారిక దగ్గరికి వెళ్లి, “మడంతా వేశావా తల్లీ?” అని అడిగారు.

“గోడ పక్క వరస వేయలేదు సార్. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ అయిపోయేది.”

అందరం అక్కడికి వెళ్లాం. ఎత్తు మొక్కల వెనక, ఫోటోల్లో పడకుండా నేను దాచిన వరస. మోకాలెత్తు కూడా లేవు. ఆకు లేత పసుపు. భవానీప్రసాద్ గారి మడిలో మొక్కల ఎత్తులో సగం కూడా లేవు. కానీ ప్రతి మొక్కకీ రెండో మూడో కాయలున్నాయి. ఆకు మీద ఒక్క పురుగు లేదు. రత్నబాబు గొంతుక్కూర్చుని ఎండుగడ్డి తప్పించి మట్టిలోకి వేలు దించారు. వేలు తేలిగ్గా దిగింది. పక్క మడిలోనూ గుచ్చి చూశారు. అక్కడ గట్టిగా తగిలింది.

“పక్క వరసలో వేసింది దీనికీ కొంత పారి ఉండొచ్చు. కచ్చితంగా ఇదీ అని చెప్పలేం,” అన్నారు భవానీప్రసాద్ గారు. ఇన్నాళ్లూ నన్ను ఓడించాలని చూస్తున్నారనుకున్న మనిషి. ఆయన అడుగుతూ వచ్చిందంతా నేను అడగాల్సిన ప్రశ్నలే.

రత్నబాబు చేతులు దులుపుకుని లేచారు. “ఎకరన్నరా ఇట్టా పెట్టి నేను బతకలేను మేడంగారూ. కౌలు కట్టాల. నాలుగు సాళ్లు మాత్రం వదిలి చూస్తా. మిగతా దానికి బాబుగారి షాపు ముందు లైన్లో నిలబడాల్సిందే.”

తర్వాత కూతురి వైపు తిరిగి, “పద,” అన్నారు. ఆ పిల్ల ఆయన వెనకే బండెక్కింది. నన్ను చూడలేదు.

ఆఫీసరు గారు టీ తాగకుండానే వెళ్లిపోయారు. “ఆయన రాకముందే నాకొక్క మాట చెప్పి ఉండాల్సింది సింధూరా,” అన్నారు ఫ్లోరెన్స్ గారు. చెబితే ఆపేవారేమోనని అనుమానించాను. అది మాత్రం ఆవిడతో అనలేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

బావకి అంతా చెప్పాను. రత్నబాబు అడిగిన మాట కూడా. మధ్యాహ్నం ఇంట్లోనే భోంచేశాడు. ముద్ద కలుపుతూ, “యూరియా రాగానే ఆయనకి పక్కన పెడతా. లైన్లో నిలబడక్కర్లేదు,” అన్నాడు.

“నా మీద ఇంకా కోపం ఉందా బావా?”

“ఉంది. నీకు లేదా?”

“ఉంది.”

“మంచిది. పెరుగు వెయ్యి,” అన్నాడు.

సెప్టెంబరు 8, సోమవారం

నీహారిక రాదేమో అనుకున్నాను. వచ్చింది, చివరి బెంచీలో కూర్చుంది.

క్లాసులో ఒక్కటే అడిగాను. నీహారిక యూరియా వేస్తుంటే మీలో కొందరైనా చూసే ఉంటారు. నా దగ్గరికొచ్చి ఎవరూ ఎందుకు చెప్పలేదు? కోప్పడనని మాటిచ్చాను. చివరికి నా జట్టులోని యశస్వి లేచాడు.

“మామూలుగా అంతే కదా మేడం. ప్రయోగంలో మాకొచ్చింది రాస్తే మీరు కొట్టేస్తారు. పుస్తకంలో ఉన్నది రావాలంటారు. మేం అదే రాస్తాం. నీహారిక కూడా రావాల్సింది వచ్చేట్టు చేసింది.”

వెటకారంగా అనలేదు. నాకు తెలియని విషయమేదో వివరిస్తున్నట్టు చెప్పాడు. క్లాసులో చాలామంది తలూపారు. సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కాదు అనడానికి లేదు. ప్రతి ఏడూ కొట్టేశాను. పాఠం వేగంగా అయిపోవాలని, మార్కులు పోకూడదని, వాళ్ల మంచికేనని.

పిల్లలందర్నీ వెనక్కి తీసుకెళ్లాను. ఆ చివరి వరస దగ్గర ఆపి, ఈ రోజు నుంచి మనం కొలిచేది ఇదేనన్నాను. టేపు నీహారిక చేతికిచ్చాను. తీసుకోవడానికి తటపటాయించింది. తర్వాత ముందుకొచ్చి, మొదటి మొక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని, టేపు నేలకి ఆనించి పైకి లాగింది.

ఎంతుందని అడిగాను.

అంకె చెప్పబోయి, తలెత్తి నా ముఖం కేసి చూసింది.

“నన్ను చూడకు,” అన్నాను. “టేపు చూసి చెప్పు.”